సాలూరు ఘాటు నుంచి కుమావోన్ కొండల దాకా: వసంతంలో క్యారవాన్ యాత్రకు ఏర్పాట్లు

విజయనగరం నుంచి క్యారవాన్‌లో బయలుదేరి ఉత్తరాఖండ్‌లోని కుమావోన్ కొండల దాకా వెళ్లి రావాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, బండి అంత ఎత్తు ఎక్కగలదా అన్నది. దానికి జవాబు తేలిక. ఇప్పటి డీజిల్ ఇంజన్లు నెమ్మదిగానైనా ఎక్కుతాయి. ఎక్కలేని బండి ఆగిపోతుంది, అంతే. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఎక్కిన బండి నిండు బరువుతో క్షేమంగా దిగగలదా? సెమిలిగుడ నుంచి సాలూరుకు వచ్చేసరికి బండి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. నాలుగు టన్నుల బండి అంత ఎత్తు దిగేటప్పుడు వెలువడే శక్తి అంతా బ్రేకుల్లోనే వేడిగా మారితే, ఆ వేడితో 90 లీటర్ల కుళాయి నీటిని మరిగించవచ్చు. నాలుగు చక్రాల దగ్గరున్న కాసింత ఇనుము ఆ వేడినంతా భరించాలి. దారి ఎంచుకోవడం, తేదీ నిర్ణయించుకోవడం, సామాను సర్దుకోవడం, రాత్రి ఎక్కడ ఆగాలో తేల్చుకోవడం, ఇవన్నీ ఈ ఒక్క లెక్కను బట్టే జరగాలన్నది నా అభిప్రాయం.

మన వైపు క్యారవాన్ అనగానే షూటింగుల దగ్గర నటీనటులు కూర్చునే ఏసీ బండి గుర్తుకు వస్తుంది. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. టెంపో ట్రావెలర్ వంటి బండిలో సీట్లు తగ్గించి, రెండు మూడు పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ అమర్చిన ఇల్లులాంటి బండి గురించి.

దారి

ఈ యాత్రలో మన జిల్లావాసులకు ఒక సౌకర్యం ఉంది. నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి నుంచి విడిపోయే 26వ నంబరు రహదారి, పాతవాళ్లు ఇప్పటికీ 43 అని పిలిచేది, విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి, పాచిపెంట మండలం పి.కోనవలస దగ్గర ఘాటెక్కి, ఒడిశాలోని సుంకి, పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్ మీదుగా జయపురం చేరుతుంది. బొరిగుమ్మ దగ్గర 63వ నంబరు రహదారిలోకి మళ్లితే కోట్‌పాడ్ మీదుగా జగదల్‌పూర్ వస్తుంది. అక్కడ ఎక్కే 30వ నంబరు జాతీయ రహదారి కొండగావ్, కేశ్‌కాల్, కాంకేర్, రాయ్‌పూర్, కవర్ధా, మండ్లా, జబల్‌పూర్, కట్నీ, రీవా, ప్రయాగ్‌రాజ్, లక్నో, బరేలీ, పీలీభీత్ మీదుగా ఉత్తరాఖండ్ తరాయి (కొండల పాదాల దగ్గరి మైదానం) ప్రాంతంలోని సితార్‌గంజ్ దాకా ఒకే నంబరుతో సాగుతుంది. అక్కడి నుంచి హల్ద్వానీ చేరి, 109వ నంబరు రహదారి మీద భవాలీ, అల్మోడా, రాణీఖేత్‌ల వైపు కొండెక్కాలి. శ్రీకాకుళం నుంచి వచ్చేవారు విజయనగరం రాకుండా పాలకొండ, పార్వతీపురం మీదుగా రాయగడ చేరి, లక్ష్మీపూర్ ఘాటు గుండా కోరాపుట్‌లో ఇదే దారిని అందుకోవచ్చు.

మొత్తం ఒక వైపు సుమారు 1,900 కిలోమీటర్లు. ఈ అంకెను చూసి కారు ప్రయాణంలాగా మూడు రోజులని లెక్క వేయకూడదు. క్యారవాన్‌కు మైదానంలో రెండు వరుసల రోడ్డు మీద గంటకు 45, ఘాట్లలో 25 కిలోమీటర్లకు మించి సగటు వేసుకోకండి. ఉదయం ఆరుకు బయలుదేరి మధ్యాహ్నం మూడున్నరకు ఆగిపోయే పద్ధతిలో, భోజనానికీ బండి చల్లారడానికీ విరామాలు పోగా, రోజుకు 200 నుంచి 250 కిలోమీటర్లు సాగుతాయి. అంటే వెళ్లడానికి తొమ్మిది రోజులు, రావడానికి తొమ్మిది రోజులు, కొండల్లో కనీసం ఒక వారం. నెల రోజుల వ్యవధి లేనివారు ఈ యాత్రను సగానికి కుదించి, జబల్‌పూర్ దాకా వెళ్లి నర్మద చూసి వెనక్కి రావడమే మేలు. పరుగులు పెట్టి కుమావోన్ చేరినవాళ్లకు అలసటే మిగులుతుంది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, ఊళ్ల పేర్లు కాకుండా దిగుళ్ల పేర్లు రాసుకోవాలి. నేను ముందుగా చేసే పని ఇదే. వెళ్లేటప్పుడు మొదటి దిగుడు కోరాపుట్ నుంచి జయపురానికి. రెండోది కేశ్‌కాల్ ఘాటు: బస్తర్ పీఠభూమి అంచు నుంచి కాంకేర్ వైపు పన్నెండు మలుపులతో దిగుతుంది. కవర్ధా దాటాక చిల్పీ ఘాటు మైకల్ కొండల్లోకి ఎక్కుడు. అది తిరుగు ప్రయాణంలో దిగుడవుతుంది. రీవా దాటాక ప్రయాగ్‌రాజ్ వైపు సోహాగీ కొండ దిగాలి. చూడటానికి ఇది పెద్ద ఘాటులాగా కనిపించదు, అందుకే ప్రమాదకరం. 2022 అక్టోబరులో హైదరాబాదు నుంచి గోరఖ్‌పూర్ వెళుతున్న బస్సు ఈ కొండ దగ్గరే ప్రమాదానికి గురై 15 మంది మరణించారు. తిరుగు ప్రయాణంలో కుమావోన్ నుంచి హల్ద్వానీకి దిగుడు, ఆ తరువాత చిల్పీ, చిట్టచివర మన సాలూరు ఘాటు. ఈ దిగుళ్లలో ఏదీ మధ్యాహ్నం తరువాత, అలసిన చేతులతో, చేయవలసిన అవసరం రాకుండా బసలు ఏర్పాటు చేసుకోవాలి. ఉదాహరణకు వెళ్లేటప్పుడు మొదటి రాత్రి కోరాపుట్‌లో ఆగి, జయపురం ఘాటు మర్నాడు ఉదయం దిగాలి. కేశ్‌కాల్ దిగే ముందు రాత్రి కొండగావ్‌లో, సోహాగీకి ముందు రాత్రి రీవాలో ఉండాలి.

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి ఆరు వరుసల కొత్త రహదారి, కేశ్‌కాల్ కొండల్లో సొరంగంతో సహా, నిర్మిస్తున్నారు. అది లారీలకు మేలు చేస్తుంది. కొండలు చూడటానికి వెళ్లేవాడు సొరంగంలో నుంచి ఏం చూస్తాడన్నది వేరే మాట.

బయలుదేరే తేదీ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన సామెత. అది మైదానానికి వర్తిస్తుంది, హిమాలయానికి వర్తించదు. అయినా యాత్రకు ముహూర్తం అక్కడి నుంచే లెక్కపెట్టాలి, ఎందుకంటే మనల్ని రెండు వైపుల నుంచీ వాతావరణం తరుముతుంది. మరీ ముందు వెళితే కుమావోన్‌లో పడమటి గాలివానలు తెచ్చే వడగళ్లు, ఎత్తైన చోట్ల మంచు ఎదురవుతాయి. మరీ ఆలస్యమైతే తిరిగి వచ్చేటప్పుడు జబల్‌పూర్, రాయ్‌పూర్ దగ్గర 40 డిగ్రీలు దాటిన ఎండలో రేకు బండిలో పడుకోవలసి వస్తుంది. శివరాత్రి గడిచిన వారం పది రోజులకు బయలుదేరి, ఫాల్గుణం చివరికి కొండలు చేరి, శ్రీరామనవమి దాటిన వారంలోగా ఇల్లు చేరేలా ప్రణాళిక వేసుకుంటే ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు తప్పుతాయి.

ఆ సమయంలో వెళ్లినవారికి దారి పొడవునా వసంతం మూడు రూపాల్లో కనిపిస్తుంది. బస్తర్‌లో ఇప్పపూలు రాలే కాలం అది. తెల్లవారకముందే బుట్టలతో స్త్రీలు, పిల్లలు రోడ్డు పక్క చెట్ల కింద పూలు ఏరుతూ ఉంటారు, కాబట్టి జగదల్‌పూర్, కొండగావ్ మధ్య పొద్దున్నే బండి నడిపేటప్పుడు వేగం బాగా తగ్గించాలి. ఆ పూలకు ఎలుగుబంట్లు కూడా వస్తాయని మరిచిపోకూడదు. మైకల్ కొండల్లో మోదుగలు ఎర్రగా పూసి ఉంటాయి. కుమావోన్‌లో 1,500 మీటర్లు దాటిన తరువాత బురాంశ్ చెట్లు ఎర్రటి గుత్తులతో నిండుతాయి. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. దాని పూల రసం సీసాల్లో అమ్ముతారు. మార్చి మధ్యలో వచ్చే ఫూల్‌దేయీ పండగనాడు పిల్లలు ఇంటింటి గడప మీద పూలు చల్లి దీవెనలు చెబుతారు. మన సంక్రాంతి గొబ్బెమ్మలు చూసి పెరిగిన పిల్లలను వెంట తీసుకువెళితే, ఆ రోజున ఏదైనా పల్లెలో ఉండేలా చూసుకోండి.

తేదీల విషయంలో మరో మూడు జాగ్రత్తలు. హోలీ నాడు, దాని ముందు రాత్రి, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ రోడ్ల మీద బండి కదపవద్దు. ఏదైనా ఊళ్లో నిలిపివేసి సేద తీరండి. అక్షయ తృతీయకు యమునోత్రి, గంగోత్రి ఆలయాలు తెరుస్తారు, చార్‌ధామ్ రద్దీ మొదలవుతుంది. ఆ లోపే కొండలు విడవాలి. ఇక మూడోది అడవి మంటలు. ఉత్తరాఖండ్‌లో ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య దాకా మంటల కాలంగా అటవీశాఖ లెక్కిస్తుంది, చీడ్ పైన్ చెట్ల ఎండుసూదులు నేల మీద పరుచుకుని నిప్పు అందుకుంటాయి. 2024 ఏప్రిల్ చివర నైనీతాల్ చుట్టుపక్కల మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు భీమ్‌తాల్ సరస్సు నీటిని ఎత్తిపోశాయి. ఆ పొగ కమ్మిన రోజుల్లో కుమావోన్‌లోని కౌసానీ ఊళ్లో నిలబడినా త్రిశూల్ శిఖరం కనిపించదు. అందువల్ల కూడా మార్చి మేలు.

బరువు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన భాగం, అందరూ దాటవేసే భాగం కూడా. బండి పత్రంలో మొత్తం బరువు పరిమితి రాసి ఉంటుంది. దాన్ని ఒక చీటీ మీద రాసుకుని, సామానంతా సర్ది, నీళ్లు, డీజిల్ నింపి, అందరూ కూర్చుని, లారీల కాటా దగ్గరకు వెళ్లండి. సాలూరు లారీల ఊరు. అక్కడ కాటాలకు, మెకానిక్కులకు, ఘాటు తెలిసిన డ్రైవర్లకు కొరత లేదు. మొదట బండి మొత్తం తూచి, తరువాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి మరోసారి తూచాలి. మొత్తంలో నుంచి తీసివేస్తే వెనక ఇరుసు బరువు తెలుస్తుంది. ముందు వెనకల మధ్య తేడా ఎందుకు చూడాలంటే, వెనక బరువు మితిమీరితే ముందు చక్రాల పట్టు సడలి, మలుపుల్లో స్టీరింగు తేలిపోతుంది.

నా మొదటి యాత్రలో ఈ పని చేయలేదు. బండి కట్టిన షెడ్డువాళ్లు రెండు వందల లీటర్ల ట్యాంకును వెనక ఇరుసుకు అవతల, తలుపు పక్కన అమర్చారు. ఎక్కువ నీళ్లు ఉంటే మంచిదే కదా అని నేనూ సంతోషించాను. కేశ్‌కాల్‌లో ఏడో మలుపు దగ్గర బ్రేకుల నుంచి కాలిన వాసన వచ్చింది, పెడల్ మెత్తబడింది. పక్కన వెడల్పు దొరికిన చోట ఆపి గంటన్నర కూర్చున్నాం. నీళ్లు లీటరుకు కిలో బరువన్నది ఎవరికీ తెలియని విషయం కాదు, కానీ ఆ కిలోలన్నీ ఎక్కడ కూర్చున్నాయో నేను చూసుకోలేదు. తిరిగి వచ్చాక ట్యాంకును 80 లీటర్లకు తగ్గించి, రెండు ఇరుసుల మధ్యకు మార్పించాను. కొండల్లో ప్రతి ఊళ్లోనూ నీళ్లు దొరుకుతాయి. ముఖ్యంగా దిగుడుకు ముందు ట్యాంకులో 20 లీటర్లు మించి ఉంచకండి.

బ్యాటరీ విషయంలోనూ బరువే ప్రమాణం. ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే 150 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ 50 కిలోలకు పైగా తూగుతుంది. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోల లోపే ఉండి, ఎక్కువ లోతు వరకు వాడుకోనిస్తుంది కనుక, చేతికి వచ్చే కరెంటు ఇంచుమించు సమానం. ధర ఎక్కువే. బియ్యం మూటలు, పచ్చడి జాడీలు, ఇనుప పెనాలు అన్నీ కలిసి మరో యాభై కిలోలు అవుతాయి. ఆవకాయ వదిలి రమ్మని ఎవరికీ చెప్పలేను. బియ్యం మాత్రం దారిలో కొనుక్కోవచ్చు. బరువైనవి నేలకు దగ్గరగా, ఇరుసుల మధ్య ఉండాలి. బండి పైకప్పు మీద సౌర పలకలు తప్ప మరేమీ కట్టవద్దు. పైకప్పు ఎత్తును సెంటీమీటర్లతో సహా కొలిచి డ్రైవరు ఎదుట అతికించి ఉంచండి, ఎందుకంటే రైలు వంతెనల కింద ఎత్తు పరిమితి దండాలు, కొండ ఊళ్లలో వేలాడే కొమ్మలు, తీగలు ఆ అంకెను మాటిమాటికీ అడుగుతాయి.

బయలుదేరడానికి పక్షం రోజుల ముందు బండిని మెకానిక్కుకు చూపించి, బ్రేకు లైనర్లు, ప్యాడ్లు సగానికి మించి అరిగి ఉంటే మార్పించండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు వేడికి ఆవిరై బుడగలు కడుతుంది, అప్పుడు పెడల్ తొక్కినా ఒత్తిడి చక్రాలకు చేరదు. రెండేళ్లు దాటి ఉంటే తప్పక మార్పించాలి. టైరు పక్కగోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. గాడులు ఎంత బాగున్నా ఆరేళ్లు దాటిన టైరుతో ఘాటెక్కవద్దు. స్టెపినీకీ ఇదే నియమం. కొత్త కాలుష్య ప్రమాణాల బీఎస్ 6 బండి అయితే, డీజిల్‌తో పాటు పొగ శుద్ధికి వాడే యూరియా ద్రవం డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి, అది అయిపోతే ఇంజను శక్తి తగ్గిపోతుంది.

కాగితాలు

ఉన్న బండిని సొంతంగా మార్పించుకునేవారు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణాశాఖ అనుమతి తీసుకుని, ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థతో పేచీ తప్పదు. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం విడిగా ఉంది. కట్టించే షెడ్డువారికి అది తెలుసో లేదో ముందే అడగండి. అద్దెకు తీసుకుంటే, డ్రైవరుతో వచ్చే పసుపు నంబరు పలక బండికి అఖిల భారత పర్యాటక పర్మిట్ ఉందా అని చూడాలి. మామూలు కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం కూడా నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి అమలులో ఉన్న ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే చెల్లుతుంది కనుక, మీ బండి ఏ తరగతి కింద నమోదైందో చూసి కొనండి. అత్యవసరానికి 112, జాతీయ రహదారుల మీద సహాయానికి 1033 గుర్తుంచుకుంటే చాలు.

దిగడం

ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు, ఇంకా నిటారైతే ఒక గేరు తక్కువ. సాలూరు లారీ డ్రైవర్లు కుర్రవాళ్లకు మొదట నేర్పే పాఠం ఇది. దిగుడు మొదలయ్యే ముందే గేరు తగ్గించాలి, వేగం పుంజుకున్న తరువాత తగ్గించబోతే పడకపోవచ్చు. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాలతో చెలగాటం. పైగా ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే డీజిల్ పోయడమే ఆపేస్తాయి, కాబట్టి ఆ ఆదా కూడా ఉండదు. ఇంజనే బండిని పట్టి ఉంచగా, బ్రేకును గట్టిగా కొద్ది క్షణాలు తొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలి, మళ్లీ అవసరమైనప్పుడు తొక్కాలి. తేలికగా తొక్కి అలాగే ఉంచితే బ్రేకులు ఎప్పటికీ చల్లారవు.

హెయిర్‌పిన్ మలుపు దగ్గర పొడుగు బండి వెనక భాగం లోపలి వైపుకు జరుగుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకుని, ఎదుటి బండి లేదని హారన్ కొట్టి నిర్ధారించుకున్నాక వెలుపలి వైపు నుంచి తిరగాలి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది కొండదారి నియమం. వెనక చేరిన కార్లు హారన్లు మోగిస్తాయి. వాటికి దారి ఇవ్వడానికి వెడల్పు చోట పక్కకు తీయండి గాని, వాటి కోసం వేగం పెంచకండి. పెడల్ మెత్తబడినట్టు అనిపించినా, కాలిన వాసన వచ్చినా, ఆగి, చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి, కనీసం అరగంట ఆగాలి. వేడెక్కిన బ్రేకు డ్రమ్ముల మీద నీళ్లు పోయకూడదు, పగులుతాయి.

ఇవన్నీ చదివి నేర్చుకునే విషయాలు కావు. కుమావోన్‌కు ముందు ఇంటి దగ్గరే రెండు రోజుల అభ్యాసం చేయండి: విజయనగరం నుంచి శృంగవరపుకోట, అనంతగిరి ఘాటు మీదుగా అరకు, అక్కడ రాత్రి బస, మర్నాడు నందపూర్ మీదుగా సెమిలిగుడ చేరి సాలూరు ఘాటు దిగి ఇంటికి. నిండు సామానుతో చేయాలి. అల్మారా తలుపులు తెరుచుకోవడం, గిన్నెలు మోగడం, పిల్లలకు ఏ మలుపు దగ్గర వాంతులు అవుతాయో, ఇవన్నీ అరకులోనే తెలిసిపోతే జబల్‌పూర్‌లో గాభరా పడనక్కరలేదు.

బస, వంట, కరెంటు

కొండ ఊళ్ల మధ్య, అడవి దారుల్లో రాత్రి ఆగవద్దు. అనుమతి అడిగి పెట్రోలు బంకుల్లో, ఆలయాల, ఆశ్రమాల ఆవరణల్లో, పర్యాటక శాఖల అతిథి గృహాల ప్రాంగణాల్లో ఆగడం మేలు. కుమావోన్ మండల్ వికాస్ నిగమ్ అతిథి గృహాలు ఆ ప్రాంతమంతటా ఉన్నాయి. ఒక గది అద్దెకు తీసుకుంటే బండి నిలపడానికి చోటు, స్నానానికి వేడినీళ్లు, మరుగుదొడ్డి సమస్యకు పరిష్కారం ఒకేసారి దొరుకుతాయి. బండిలోని మరుగుదొడ్డి తొట్టెను అడిగి ఏదైనా మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి. నది ఒడ్డున ఆ పని చేసేవారికి ఈ యాత్ర చేసే అర్హత లేదు. కోరాపుట్, బస్తర్ ప్రాంతాల్లో మలేరియా భయం ఉంది కనుక కిటికీలకు దోమల జాలీ బిగించాలి.

వంటకు 5 కిలోల చిన్న సిలిండరు చాలు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కారితే నేల మీదే పేరుకుంటుంది, అందువల్ల సిలిండరు పెట్టిన గూటికి అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. బండి నడుస్తున్నంతసేపు రెగ్యులేటరు ఆపి ఉంచాలి. చలిగా ఉందని కుంపటి లోపల పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం మృత్యువును పిలవడమే. కౌసానీ ఎత్తు 1,900 మీటర్ల దగ్గర నీరు దాదాపు 94 డిగ్రీలకే మరుగుతుంది. గిన్నెలో వండిన అన్నం పలుకుగా ఉండిపోతుంది, కందిపప్పు ఎంతకీ ఉడకదు. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి.

ఏసీ, ఇండక్షన్ పొయ్యి ఆలోచన మానుకోండి. 200 వాట్ల సౌర పలక వసంతపు ఎండలో రోజుకు 700 నుంచి 800 వాట్ అవర్లు ఇస్తుంది. దానితో చిన్న ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, దీపాలు, ఫోన్లు హాయిగా నడుస్తాయి.

కొండల్లో, తిరిగి వచ్చేటప్పుడు

నైనీతాల్ ఊళ్లోకి క్యారవాన్ తీసుకువెళ్లకండి. చోటు లేదు, తిప్పడానికి వీలు లేదు. భీమ్‌తాల్‌లో గానీ భవాలీలో గానీ నిలిపి, జీపులో వెళ్లి రండి. భవాలీ దాటాక కైంచీ ధామ్ ఆశ్రమం దగ్గర శని, ఆదివారాల్లో వాహనాలు బారులు తీరతాయి, ఆ భాగాన్ని వారం మధ్యలో ఉదయం దాటడం తెలివైన పని. అల్మోడాకు ముందు క్వారబ్ దగ్గర 2024 వానల నుంచి కొండచరియలు జారుతున్నాయి. దారి మూసి ఉంటే ఖైర్నా దగ్గర కోసీ నది వంతెన దాటి రాణీఖేత్ మీదుగా వెళ్లవచ్చు. రాణీఖేత్, కౌసానీల్లో నాలుగేసి రోజులు కదలకుండా ఉండమని నా సలహా. అక్కడి నుంచి కర్ణప్రయాగ, దేవప్రయాగల మీదుగా రిషికేశ్‌కు దిగే ఆశ అందరికీ పుడుతుంది, దారి కూడా ఉంది, కానీ మొదటి యాత్రలో వద్దు. తెలిసిన దారినే తిరిగి వస్తే, ఎక్కేటప్పుడు చూసి పెట్టుకున్న వెడల్పు చోట్లు దిగేటప్పుడు అక్కరకు వస్తాయి.

చిత్రకోట్ జలపాతం చూద్దామని జగదల్‌పూర్‌లో మళ్లేవారికి ఒక మాట: మార్చి చివరికి ఇంద్రావతిలో నీరు సన్నబడుతుంది. దానికోసం వానాకాలం చివర విడిగా రండి.

ఇరవై అయిదో రోజు నాటికి బ్రేకులు అరిగి ఉంటాయి, మనసు ఇంటి మీద ఉంటుంది, ఎదుట ఉండేది యాత్రలోని పెద్ద దిగుళ్లలో ఒకటి. కాబట్టి జయపురం నుంచి ఒకే ఊపులో విజయనగరం చేరాలనుకోకుండా, ఆ రాత్రి సెమిలిగుడలో ఆగండి. బ్రేకు ఆయిలు మట్టం, టైర్ల గాలి చల్లటి బండి మీద చూసుకుని, నీళ్ల ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి. ఉదయం ఆరింటికి బయలుదేరి, సుంకి దాటగానే రెండో గేరులోకి దించి, ముడిఖనిజం లారీల వెనక అవి వెళ్లే వేగంతోనే దిగండి. సాలూరులో టీ కోసం ఆగినప్పుడు, చక్రాల దగ్గర అరచేతి వెనక భాగాన్ని తాకించకుండా దగ్గరగా పెట్టి నాలుగింటి వేడినీ పోల్చి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అది పట్టేసి ఉందని అర్థం, అక్కడే మెకానిక్కుకు చూపించండి. నాలుగూ ఒకేలా ఉంటే విజయనగరం అక్కడి నుంచి గంటన్నర దారి.